గొడ్రాలికి పుంలింగమేది?

తెలుగు వ్యాకరణము చెప్పునపుడు స్త్రీలింగ పదములిచ్చి పుంలింగ రూపములు అడుగుట పరిపాటి. కవయిత్రికి కవి, విద్వాంసురాలికి విద్వాంసుడు, బీదరాలికి బీదవాడు అని విద్యార్థులు తడుముకొనక చెప్పగలరు. ‘గొడ్రాలు’ అను మాటకు పుంలింగమేదని అడిగినచో మాత్రము తరగతి అంతయు మౌనము వహించును. సంస్కృతము నుండి తెచ్చుకొన్న ‘వంధ్య’ శబ్దమునకును వాడుకలో జత లేదు. ఉర్దూలోని ‘బాంఝ్’ అను మాటదియు ఇదే గతి. ఇరుగుపొరుగున పెరిగిన మన రెండు భాషలును ఈ ఒక్క విషయములో ఏకాభిప్రాయమునకు వచ్చినట్లున్నవి. సంతానము లేకపోవుట స్త్రీ దోషమే అని రెండును తీర్పు చెప్పినవి.

ఇది కేవలము వ్యాకరణ విశేషమైనచో ఈ పత్రికలో ప్రస్తావింపవలసిన పని లేదు. పెండ్లియై మూడేండ్లు గడచిన కోడలిని శుభకార్యములలో వెనుక వరుసకు నెట్టుట, నాలుగవ ఏట తలాఖ్ మాటో రెండవ నికాహ్ మాటో ఇంటిలో మెల్లగా వినబడుట మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఎరుగని వారెవరు? ముస్లిము కుటుంబములకే ఇది పరిమితము కాదు. హిందూ కుటుంబములలో తలాఖ్ అను మాట లేకపోవచ్చును. పుట్టింటికి పంపివేయుట కలదు. ప్రతి ఏటా ముహర్రము దినములలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద, బారాషహీద్ దర్గా చెంత జరుగు రొట్టెల పండుగకు మన పల్లెల నుండియు జనము పోవుదురు. అచ్చట సంతాన రొట్టె కొరకు నీటిలో నిలుచువారిలో మతభేదము లేదు. కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి అడిగినవారికి ఇచ్చు ఆ ఆచారములోని ఆర్ద్రతను మేము తక్కువ చేయము. మేము అడుగునది ఒక్కటే. ఇంతదూరము పోయి మ్రొక్కుకొనుటకు ముందుగాని తరువాతగాని, ఊరిలోనే ఉన్న పరీక్షాశాలకు భర్త ఒక్కసారియైనను పోయినాడా?

‘మగోడికేం, ఎద్దు మాదిరి ఉండాడు’ అని అత్తగారు అనును. ఈ ఉపమానమును కొంచెము పరిశీలింపవలెను. ఎద్దు అనగా వృషణములు నలుగగొట్టబడిన పశువు. అది బండి లాగును, మడక దున్నును, కాని దూడకు తండ్రి కాలేదు. దేహబలమునకును సంతానశక్తికిని సంబంధము లేదని మన రైతుకు తెలిసినంతగా మన ఉపమానమునకు తెలియలేదు. పాడికి పేరు పొందిన ఈ జిల్లాలలో కృత్రిమ గర్భధారణ కొరకు తెచ్చు ఆబోతు వీర్యమును, అందలి కణములు చురుకుగా కదలుచున్నవో లేవో సూక్ష్మదర్శినితో చూచిన పిదపనే గడ్డకట్టించి నిలువ చేయుదురు. ఆవు విషయములో పాటించు ఈ పాటి న్యాయము ఆడపడుచు విషయములో పాటింపకపోవుటకు కారణమేమి?

కారణములో కొంత భాగము మరల మాటలోనే కలదు. నిఘంటువులలో ‘వీర్యము’ అను పదమునకు శుక్రమనియు, పరాక్రమమనియు రెండర్థములు కలవు. ఉర్దూలోని ‘మర్దానగీ’ అను మాటయు ఇట్టిదే. పౌరుషమును, పుంస్త్వమును ఒకే సంచిలో వేసినది. వీర్యమును పరీక్షింపవలెనని వైద్యుడు అన్నంతనే, మన పురుషునికి తన పరాక్రమమును పరీక్షింపవలెనన్నట్లు వినబడును. ‘నామర్ద్’ అని పిలువబడుదునేమో అన్న భయము అతనిని గడప దాటనీయదు. వాస్తవమునకు దాంపత్యశక్తి వేరు, శుక్రకణముల ఆరోగ్యము వేరు. మొదటిది సంపూర్ణముగా ఉన్నవానిలోను రెండవది లోపింపవచ్చును. ఈ రెండింటిని విడదీసి చూపినది శాస్త్రము. అందులోను, శుక్రకణపు తోకను గూర్చి ప్రతిదేహముల సాయమున జరిగిన పరిశోధన ఈ విభజనను కంటికి కట్టినట్లు చూపుచున్నది. సాహిత్యము చెప్పుకొను మేము దానిని ఇచ్చట వివరింపబూనుట సాహసమే యైనను, మాటల చిక్కు మా శాఖది గనుక తప్పలేదు.

1677లో హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ తాను స్వయముగా నూరుకొన్న కటకముతో శుక్రకణములను చూచి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసినాడు. తోకలు కదలించుచు ఈదుచున్న ఆ జీవులను చూచి యూరపు విస్తుపోయినది. 1694లో హార్ట్‌సోకర్ అను మరియొకడు కణపు తలలో ముడుచుకొని కూర్చున్న చిన్న మనిషి బొమ్మను ప్రచురించినాడు. బిడ్డ అంతయు పురుషుని బీజములోనే ఉన్నదనియు, స్త్రీ కేవలము క్షేత్రమనియు తలచుట మన దేశములోను కలదు. ఇందలి అన్యాయమును గమనింపవలెను. బిడ్డ పుట్టినచో గొప్ప బీజమునకు. పుట్టనిచో తప్పు క్షేత్రమునకు! 1827లో వాన్ బేర్ క్షీరదముల అండమును కనుగొన్నాడు. 1876 నాటికి ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు జీవులలో అండ శుక్రకేంద్రకములు రెండును కలియుటను చూపినాడు. తల్లిదండ్రులు ఇరువురును సమాన భాగస్వాములని అప్పటికే తేలినది. మన ఇండ్లకు ఆ వార్త ఇంకను పూర్తిగా చేరలేదు.

ఇక ఆ తోక సంగతి. మానవ శుక్రకణపు పొడవు మిల్లీమీటరులో ఇరువదవ భాగమునకు కొంచెము ఎక్కువ. అందులో తల పదియవ వంతునకు మించదు, మిగిలినదంతయు తోకయే. తోక నడుమ నిలువునా ఒక ఇరుసు కలదు. చుట్టును తొమ్మిది జతల సూక్ష్మనాళికలు, మధ్య రెండు నాళికలు. జతల మీద వరుసగా చిన్న చేతులవంటి నిర్మాణములు ఉండును. అవి డైనీన్ అను ప్రోటీనుతో నిర్మితములు. ఈ చేతులు ప్రక్క జతను పట్టి లాగుచు విడుచుచు ఉండుటచేతనే తోక వంగును, కణము ముందునకు ఈదును. తలకు దిగువనున్న భాగములో మైటోకాండ్రియా చుట్టలు చుట్టుకొని ఉండును. ఆ క్రింది ప్రధాన భాగమును తంతువులతో అల్లిన ఒక తొడుగు కప్పియుండును. ఈ చిన్న తోకలో వందలకొలది రకముల ప్రోటీనులు, ఒక్కొక్కటి తన స్థానములో, తన పని చేయుచున్నవి.

ఇన్ని ప్రోటీనులలో ఏది ఎచ్చట ఉన్నదో తెలియుట ఎట్లు? ప్రతిదేహములు ఇచ్చటనే అక్కరకు వచ్చినవి. మన దేహములోనికి పరాయి పదార్థము ప్రవేశించినచో దానిని గుర్తించి అంటుకొనుటకు రక్తములో పుట్టు ప్రోటీనులే ప్రతిదేహములు. 1890లో బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ధనుర్వాతము, కంఠసర్పి రోగములపై పనిచేయుచు రక్తరసములోని ఈ రక్షణగుణమును నిరూపించినారు. ప్రతిదేహము స్వభావము విచిత్రమైనది. ఒక్క చిరునామా తప్ప మరియొకటి ఎరుగని తపాలా బంట్రోతు వంటిది అది. ఎన్ని వీధులు తిరిగినను తనకు చెప్పిన ఇంటి తలుపే తట్టును. శుద్ధి చేసిన ఒక ప్రోటీనును కుందేలునకు ఎక్కించినచో, కొన్ని వారములకు దాని రక్తములో ఆ ప్రోటీనును మాత్రమే గుర్తించు ప్రతిదేహములు పుట్టును. ఈ బంట్రోతు చేతికి ఒక దీపమును ఇచ్చిన ఘనత ఆల్బర్ట్ కూన్స్‌ది. 1941లో అతడును అతని సహచరులును ప్రతిదేహమునకు వెలుగునిచ్చు రంగును తగిలించు ఉపాయమును ప్రకటించినారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనువారు ఒకే రకపు ప్రతిదేహమును ఎంత కావలసినను పరీక్షాశాలలో ఉత్పత్తి చేయు పద్ధతిని కనుగొని 1984లో నోబెల్ బహుమానము పంచుకొన్నారు.

పద్ధతి వినుటకు సులభము. గాజుపలక మీద శుక్రకణములను నిలిపి, పొరలను కొంచెము సడలించి, కోరిన ప్రతిదేహమును పోసి, అంటుకొననిదానిని కడిగివేయుదురు. తరువాత వెలుగునిచ్చు రంగు తగిలించిన రెండవ ప్రతిదేహమును పోయుదురు. అది మొదటిదానిని పట్టుకొనును. సూక్ష్మదర్శిని క్రింద చూచినచో, వెదకిన ప్రోటీను ఉన్నచోట మాత్రమే ఆకుపచ్చని కాంతి కనబడును. ఒక ప్రోటీను తోక పొడవునా వెలుగును. ఒకటి నడిమి భాగమున మాత్రమే. మరియొకటి తొడుగులో మాత్రమే. ఆరోగ్యవంతుని కణములో వెలిగిన చోట రోగి కణములో చీకటి కనబడినచో, లోపము చిరునామాతో సహా దొరికినట్లే.

ఇట్లు దొరికిన సందర్భములు కలవు. 1976లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆఫ్జీలియస్, పుట్టుక నుండి శ్వాసరోగములతో బాధపడుచు సంతానము కలుగని కొందరు పురుషుల శుక్రకణములలో డైనీన్ చేతులు లేవని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి ప్రకటించినాడు. కణములు బ్రతికియే ఉన్నవి, కాని కదలలేవు. 2014లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు, ప్రధానముగా ఉత్తర ఆఫ్రికాకు చెందిన పురుషులలో, పొట్టిగా, మెలికలుగా, లేక పూర్తిగా లేకుండ పోయిన తోకలను పరిశీలించి, వారిలో కొందరికి డీఎన్ఏహెచ్1 అను డైనీన్ జన్యువులో లోపము కలదని కనుగొన్నారు. ఆ లోపము తల్లి నుండియు తండ్రి నుండియు సంక్రమించిన పురుషుల శుక్రకణములలో ఆ ప్రోటీను లేదని ప్రతిదేహముల పరీక్షయే ధ్రువపరచినది. ఇట్టి లోపములు దగ్గరి బంధువుల మధ్య వివాహములు జరుగు కుటుంబములలో బయటపడు అవకాశము ఎక్కువ. మేనరికములు హిందువులలోను ముస్లిములలోను వాడుకయైన రాయలసీమ వారికి ఈ మాట వేరుగా విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఇంకొక విశేషము కలదు. తోక తొడుగులోని ముఖ్యమైన ప్రోటీనులలో ఏకేఏపీ4 అనునది ఒకటి. 2002లో ఎలుకలలో దాని జన్యువును తొలగించి చూచినప్పుడు తొడుగు సరిగా ఏర్పడలేదు, కణములు ముందునకు కదలలేదు, ఆ మగ ఎలుకలకు సంతానము కలుగలేదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. పురుషునికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుండియే వచ్చును. పౌరుషమునకు గుర్తుగా మనవారు భావించు కణము ఈదుటకు అవసరమైన తొడుగు సయితము తల్లి ఇచ్చిన కానుక అన్నమాట!

ఈ విజ్ఞానము ఎక్కడో పరదేశములలోనిదని చదువరులు అనుకొనవద్దు. మన హైదరాబాదులో పుష్పమిత్ర భార్గవ, ఆబోతు వీర్యద్రవములో సూక్ష్మజీవులను అణచు సెమినల్‌ప్లాస్మిన్ అను ప్రోటీనును రెడ్డి అను సహచరునితో కలిసి 1979లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించినారు. భార్గవ సారథ్యమున ఎదిగిన సీసీఎంబీ సంస్థలో ఎస్. శివాజీ బృందము శుక్రకణముల చలనమును, ఫలదీకరణమునకు అవి సిద్ధపడు విధమును పరిశోధించినది. హాంస్టరు శుక్రకణములలో ఫాస్ఫేటు తగులుకొన్న ప్రోటీనులను ప్రతిదేహములతోనే గుర్తించుచు, శక్తి ఉత్పత్తికి సంబంధించిన ఒక ఎంజైము ఆ సిద్ధపాటులో పాలుపంచుకొనుచున్నదని వారు 2004లో తెలిపినారు. అదే సంస్థలో తంగరాజ్ బృందము శుక్రకణములు ఏర్పడని భారతీయ పురుషులలో వై క్రోమోజోము లోపములను 2003లో వెల్లడించినది. మన రాష్ట్రముల విద్యార్థులు పోటీపడి చేరదగిన పరిశోధనలే ఇవి.

ప్రతిదేహమునకు మరియొక ముఖము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఒక్కొక్కప్పుడు పురుషుని దేహమే తన శుక్రకణములను పరాయివిగా భావించి వాటిపై ప్రతిదేహములను పుట్టించును. గాయము, శస్త్రచికిత్స వంటివి ఇందుకు దారితీయవచ్చును. 1954 ప్రాంతమున రూమ్‌కే, విల్సన్ అనువారు సంతానము లేని కొందరు పురుషుల రక్తములో వీటిని చూపినారు. అట్టి ప్రతిదేహములు కణములను ఒకదానికొకటి అంటించి కదలికను అడ్డును. పరిశోధకుని చేతిలో దీపమైనదే రోగి దేహములో సంకెల కావచ్చును. ఇందులో ఎవరి శీలమునకు, పౌరుషమునకు, పూర్వజన్మకు సంబంధమేమి?

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వయోజనులలో దాదాపు ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొందురని తెలిపినది. సంతానము లేని జంటలలో ఇంచుమించు సగము మందిలో పురుషుని వైపు కారణమో, ఉభయుల వైపు కారణమో ఉండునని వైద్యులు చెప్పుదురు. స్త్రీకి చేయు పరీక్షలలో కొన్ని నొప్పితో, వ్యయముతో కూడినవి. పురుషునికి మొదట చేయు వీర్యపరీక్షలో సూది సయితము లేదు. కణముల సంఖ్య, ఆకారము, కదలిక చూతురు. సంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, నూటికి 42 కణములు ఏ విధముగానైనను కదలుట, 30 ముందునకు ఈదుట కనీస సూచికలు. ఒకసారి తక్కువ వచ్చినంతమాత్రమున అధైర్యపడనక్కరలేదు. శుక్రకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును గనుక జ్వరము, పొగాకు వంటివాటి ప్రభావము మారవచ్చును. పరీక్షను మరల చేయింతురు. కణములు ఈదలేకపోయినను బ్రతికియున్నచో, ఒక్క కణమును అండములో ప్రవేశపెట్టు పద్ధతి 1992 నుండి అందుబాటులో ఉన్నది. అందరికిని అది ఫలించునని గాని, అందరును ఆ వ్యయమును భరింపగలరని గాని మేము అనము. కారణము తెలిసినంతనే కోడలి తలమీది నింద దిగును. అది ఫలము కాదా?

మతము ఇందుకు అడ్డని కొందరు పెద్దలు శంకింతురు. 1980లో ఈజిప్టు ముఫ్తీ జాదుల్ హఖ్ అలీ జాదుల్ హఖ్, భార్యాభర్తల మధ్యనే, మూడవ వ్యక్తి ప్రమేయము లేకుండ జరుగు కృత్రిమ గర్భధారణ చికిత్సను అనుమతించుచు ఫత్వా ఇచ్చినారు. దివ్యఖురానులో మానవ సృష్టిని గూర్చి చెప్పుచోట్ల ‘నుత్ఫా’ అను శబ్దము పలుమార్లు వచ్చినది. దానిని మసీదులో పఠించుట సిగ్గు కానప్పుడు తరగతిలో వివరించుట సిగ్గగుట ఎట్లు? మతవిషయములు తెలుసుకొనుటకు సిగ్గును అడ్డు రానీయని అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా మెచ్చుకొన్నారు. వృద్ధాప్యమున సంతానము కొరకు ప్రార్థించిన జకరియా ప్రవక్త కథ మనకు ఆశను నేర్పునది. అమాయకురాలిని నిందించుటను అది నేర్పలేదు. దువా, దవా రెండును కలిసి నడువవలెనని మన పెద్దలే చెప్పుదురు గదా.

ఇక మన కళాశాలల సంగతి. ప్రత్యుత్పత్తి పాఠము వచ్చునప్పటికి ‘ఇంటివద్ద చదువుకొనుడు’ అని పుట తిప్పివేయు అలవాటు పలుచోట్ల కలదు. ఇంటివద్ద దానిని ఎవరు చెప్పుదురు? చెప్పని పాఠమును సినిమా, చరవాణి, గోడమీది నాటువైద్యుని ప్రకటన చెప్పుచున్నవి. యువకులు చెడిపోవుదురను భయము గలవారు, ప్రస్తుతము వారు ఎవరివద్ద నేర్చుకొనుచున్నారో ఆలోచింపవలెను.

కార్యవర్గము వారికి మా విన్నపములు మూడు. మొదటిది, జంతుశాస్త్రములోని ఈ అధ్యాయమును విధిగా తరగతిలో బోధింపజేయవలెను. సూక్ష్మదర్శినుల కొరత ఉన్నచో తీర్పవలెను. రెండవది, ఏటా ఒకసారి చివరి సంవత్సరపు విద్యార్థినీ విద్యార్థులకు అనుభవజ్ఞులైన వైద్యుల చేత ఉపన్యాసములు ఇప్పింపవలెను. మర్యాద దృష్ట్యా వేర్వేరుగా కూర్చుండబెట్టినను మంచిదే. మూడవది మా వంతు పని. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఈ విషయమునకు అవమానము ధ్వనింపని మాటల పట్టికను తయారుచేయవలెను. ‘గొడ్రాలు’, ‘బాంఝ్’ బదులు ‘సంతానము కలుగని దంపతులు’ అనుట మన ఇరు భాషలకును భారము కాదు. దంపతులు అను మాటలో ఇరువురును ఉన్నారు.

స్త్రీ మీది నిందను తీసి పురుషుని మీద వేయవలెనని మా అభిప్రాయము కాదు. గొడ్రాలికి పుంలింగమును కల్పించుట కంటె ఆ మాటనే విడిచిపెట్టుట మేలు. ఒక ప్రోటీను తన చోట లేకపోవుట నేరము కాదు; అది ఎవరును కోరి తెచ్చుకొన్నది కాదు. దానిని తెలుసుకొను వీలుండియు తెలుసుకొనక, తోడబుట్టినదానివంటి ఒక ఆడబిడ్డను ఇంటినుండి పంపివేయుట మాత్రము నేరము. యువకులారా! రేపు మీరు భర్తలగుదురు. అట్టి రోజు వచ్చినచో పరీక్షాశాలకు ముందుగా నడువవలసినది మీరు. పరాక్రమమను అర్థములో వీర్యము అను మాట మీకు తగవలెనన్నచో ఆ నాలుగడుగులు వేయుటకు వెనుదీయకుడు.